మొదటి పేరాకి పన్నెండు లైన్లు వదిలేయండి

అడిగింది ఇదీ: "అమలాపురం పక్క ఊరు మాది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ అయింది, ఇంటి దగ్గరే ఉండి సివిల్స్ మెయిన్స్‌కి చదువుతున్నాను. వ్యాసం పేపరు సాధనకి కూర్చుంటే మొదటి పేరాకే ముప్పై నలభై నిమిషాలు పోతున్నాయి. రాయడం, కొట్టేయడం, కాగితం చింపడం. అరచేతులు తడిసిపోతాయి, గుండె దడదడలాడుతుంది. రెండో వ్యాసం ఎప్పుడూ సగంలోనే ఆగిపోతోంది. మంచి ఆరంభం రాయడం ఎలా? ఈ భయం పోయేదెలా?"

మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ అవి రెండూ ఒకటేనండి. ఏం చెప్పాలో తేలకముందే ఎలా మొదలుపెట్టాలో తేల్చుకోవాలని చూస్తున్నారు. నారు పొయ్యకుండా ఊడ్పుకి కూలీల్ని పిలిస్తే గట్టు మీద ఏం జరుగుతుందో సార్వా సాగు చూస్తూ పెరిగిన వాళ్లకి చెప్పక్కర్లేదు. మనుషులు వచ్చి నిలబడ్డారు, చేలో నీళ్లున్నాయి, చేతిలో మాత్రం నాటడానికి ఏమీ లేదు. మీ దడ ఆ దడే. అది ఎక్కువగా మీరు పెట్టుకున్న వరసలోంచి వస్తోంది, మనసు బలహీనతలోంచి కాదు. వరస మారిస్తే చాలావరకు తగ్గుతుంది, మిగిలినదానికి వేరే మందులున్నాయి.

ఈ సంగతి 1980లోనే అమెరికాలో మైక్ రోజ్ అనే రచనా బోధకుడు చూపించాడు. రాయలేక ఆగిపోయే విద్యార్థులు ఐదుగురినీ, సాఫీగా రాసేవాళ్లు ఐదుగురినీ కూర్చోబెట్టి, రాసేటప్పుడు ఏ నియమాలు పాటిస్తున్నారో ఆరా తీశాడు. ఆగిపోయేవాళ్లకి తెలివి తక్కువేమీ కాదు. వాళ్ల దగ్గర రాతిలాంటి నియమాలున్నాయి. అందులో ఒకమ్మాయికి "మొదటి పేరా పాఠకుణ్ని పట్టి లాగెయ్యాలి" అన్న నియమం ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆ పేరా దగ్గరే గంటలు గడిచిపోయేవి. సాఫీగా రాసేవాళ్లకీ నియమాలున్నాయి, పనికిరానప్పుడు వదిలేసేవాళ్లు, అంతే. "అదిరిపోయే ఆరంభం" అన్నమాట మీకు ఎవరు నేర్పారో గానీ, ముందు దాన్ని గోడ మీంచి తీసేయండి. మూల్యాంకనం చేసేవారికి కావలసింది మీరు ప్రశ్నని అర్థం చేసుకున్నారన్న నమ్మకం, ఎటు వెళ్తున్నారన్న సూచన. ఆ రెండూ ఉంటే ఆరంభం పాసైనట్టే.

ఇక పని. సివిల్స్ వ్యాసం పేపరు మూడు గంటలు, 250 మార్కులు, రెండు వ్యాసాలు, ఒక్కొక్కటి 1000 నుంచి 1200 మాటలు. అంటే వ్యాసానికి 90 నిమిషాలు. వాటిని ఇలా కొయ్యండి: ప్రణాళికకు 15, మధ్య భాగానికీ ముగింపుకీ 60, మొదటి పేరాకి 8, చదువుకుని దిద్దుకోవడానికి 7. మొదటి పేరా మూడో స్థానంలో ఉంది చూడండి. అది పొరపాటు కాదు.

ప్రణాళిక 15 నిమిషాల్లో మొదటి మూడు నిమిషాలు తెలుగు చేసుకోవడానికే పోవాలి. వ్యాసం ప్రశ్నపత్రం ఇంగ్లిషులోనూ హిందీలోనూ వస్తుంది, మీరు రాసేది తెలుగులో. తెలుగు మాధ్యమం వాళ్లు చాలామంది ఈ మెట్టు దాటేసి, ఇంగ్లిషు వాక్యం తలలో పెట్టుకునే తెలుగు పేరా మొదలుపెడతారు. అక్కడే సగం బిగుసుకుపోతారు. 2017లో వచ్చిన అంశం ఒకటి తీసుకోండి. నా తెలుగులో అది ఇలా ఉంటుంది: "భారతదేశంలో ఎక్కువమంది రైతులకు బతుకుతెరువు కాగల శక్తిని వ్యవసాయం పోగొట్టుకుంది." సమాధాన పుస్తకం చివరి పేజీలో దీన్ని మీ మాటల్లో రాసి, బరువున్న మాటల కింద గీత గీయండి. "ఎక్కువమంది" అన్నారు, అందరూ అనలేదు. "బతుకుతెరువు" అన్నారు, లాభం అనలేదు. "పోగొట్టుకుంది" అంటే ఒకప్పుడు ఉండేదనే కదా, నిజంగా ఉండేదా? గీత గీసిన ప్రతి మాటా ఒక ప్రశ్న పుట్టిస్తుంది. ఆ ప్రశ్నలే మీ పేరాలు.

తర్వాత రెండు వాక్యాలు రాయాలి. ఒకటి, ఈ అంశానికి నా జవాబు. రెండు, దాన్ని కాదనేవాడు అనే మాట. ఈ రెండూ రాయలేకపోతే మీకింకా వ్యాసం లేదన్నమాట. అప్పుడు ఎంత అందమైన ఆరంభం రాసినా అది ఊరేగింపు లేని బ్యాండు మేళమే. జవాబు వాక్యం వచ్చాక ఏడెనిమిది పేరాలకి ఒక్కో ముక్క చొప్పున రాసుకోండి. పదిహేనో నిమిషం అయ్యేసరికి పెన్ను అసలు పేజీ మీదకి రావాలి.

అసలు పేజీ మీద పైన పన్నెండు లైన్లు వదిలేసి రెండో పేరాతో మొదలుపెట్టండి. పన్నెండే ఎందుకంటే, ఆరంభం 70 నుంచి 90 మాటలు దాటక్కర్లేదు, మీ చేతిరాతలో లైనుకి ఏడు మాటలు పడతాయనుకుంటే పన్నెండు లైన్లకి 84. మీకు లైనుకి ఐదే పడితే పదహారు వదలండి. సాధన కాగితాల్లో పది లైన్లు లెక్కపెట్టి సరాసరి తీస్తే తెలిసిపోతుంది. చివర ఆరంభం చిన్నదై రెండు మూడు లైన్లు మిగిలితే కంగారుపడకండి, ఖాళీ మీద అడ్డగీత కొట్టేయండి. ఖాళీగా వదిలిన భాగాన్ని కొట్టేయమని సమాధాన పుస్తకం మీదే ఉంటుంది. ప్రణాళిక రాసుకున్న పేజీకీ అదే పని చేయాలి.

ఇది మొదటి రెండు మూడు సార్లు వింతగా ఉంటుంది, తల లేని బొమ్మ చెక్కుతున్నట్టు. పాడయ్యేది ఒక్కచోటే: రెండో పేరాని "అందువల్ల", "పైన చెప్పినట్టు" అని మొదలుపెట్టేస్తారు, పైన ఏమీ చెప్పలేదు కదా. రెండో పేరా తన కాళ్ల మీద తను నిలబడేలా పూర్తి వాక్యంతో మొదలవ్వాలి.

డెబ్బై ఐదో నిమిషం దగ్గర పైకి వచ్చి ఆ ఖాళీ నింపుతారు. అప్పటికి ముగింపుతో సహా అంతా రాసేసి ఉంటారు కాబట్టి మీ వాదం మీకు తెలుసు. మంచి ఆరంభంలో మూడు వస్తువులుంటాయి. కంటికి కనిపించే ఒక నిజం, దానిలోంచి లేచే ఇబ్బంది, దానికి మీ నిలకడైన మాట. వరస మారినా పరవాలేదు, ఏదో ఒకటి లోపిస్తే మాత్రం తెలిసిపోతుంది.

పై అంశానికి మామూలుగా కనిపించే ఆరంభం ఇలా ఉంటుంది:

"భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం. రైతే దేశానికి వెన్నెముక అని పెద్దలు అన్నారు. అనాదిగా వ్యవసాయం మన దేశంలో ఒక జీవన విధానంగా కొనసాగుతూ వస్తోంది. కానీ నేటి ప్రపంచీకరణ యుగంలో వ్యవసాయ రంగం అనేక సవాళ్లను ఎదుర్కొంటోంది. ఈ వ్యాసంలో ఆ సవాళ్లను, వాటి పరిష్కార మార్గాలను కూలంకషంగా చర్చిద్దాం."

ఇందులో తప్పేమీ లేదు, అదే దీని జబ్బు. ఎవరూ కాదనలేని ఐదు వాక్యాలివి. వ్యవసాయం మీద ఏ అంశం ఇచ్చినా ఇదే పేరా అతికించొచ్చు. అలా ఎక్కడైనా అతికేది ఎక్కడా అతకనట్టే లెక్క. ఇంటి దగ్గర కంఠతా పట్టుకెళ్లిన పేరాలు ఇలాగే బయటపడిపోతాయి.

ఇప్పుడు మీ ఊరి చుట్టూ ఉన్న నిజంతో:

"2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. వాన లేక కాదు, కాలువకి నీళ్లు రాక కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచీ నీటికి పేరుపడ్డ నేల అది. నీరు, నేల, నేర్పు మూడూ ఉన్నచోట నాటకపోవడమే మేలని రైతు లెక్క వేశాడంటే, తప్పు అతని చేలో లేదు. వ్యవసాయం తిండి పెట్టే శక్తిని పోగొట్టుకోలేదు. పండించినవాడికి ఆ తిండి మిగిల్చే ఏర్పాటును మనం పోగొట్టుకున్నాం."

యాభై పైచిలుకు మాటలు. మొదటి మూడు వాక్యాలు నిజం, నాలుగోది ఇబ్బంది, చివరి రెండూ నిలకడైన మాట. చివరి వాక్యం ప్రశ్నలోని "పోగొట్టుకుంది" అన్న మాటనే పట్టుకుని తిప్పింది, అందుకే ఇది వేరే ప్రశ్నకి అతకదు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇదే పేరాని "తప్పంతా మద్దతు ధరది" అని ముగించాలనిపిస్తుంది. ఆ ఏడాది సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకి 1080 రూపాయలు, గిట్టుబాటు కాలేదన్నది రైతుల మొదటి మాట. కానీ పూడిపోయిన మురుగు కాలువలు, ఊడ్పులు మునిగిపోవడం, కూలి ఖర్చు కూడా ఆ గొడవలో ఉన్నాయి. ధర ఒక్కటే అంటే డెల్టా తెలిసిన ఎవరైనా పెదవి విరుస్తారు. "అతని చేలో లేదు" అంటే ధర, మురుగు, కూలి మూడూ లోపల పడతాయి. ఆరంభంలో నిజాన్ని సగం కోస్తే వ్యాసమంతా దాన్ని కప్పిపుచ్చుకోవడానికే సరిపోతుంది.

తాత్విక అంశాలకి పిల్లలు ఇంకా ఎక్కువ బెదురుతారు. 2022లో "ఒకే నదిలో రెండుసార్లు అడుగు పెట్టలేం" అన్న అర్థం వచ్చే అంశం ఇచ్చారు. దాన్ని చూడగానే చెయ్యి ఆ మాటన్న గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్ పేరు రాసేస్తుంది, పక్క బల్లలో చెయ్యి కూడా అదే రాస్తుంటుంది. మీరు గోదారి ఒడ్డున ఉన్నారు, గ్రీసు దాకా ఎందుకు? వరదకి లంకలు, అంటే నది మధ్య దీవులు, కోతకు గురవుతాయి. పట్టా కాగితంలో ఎకరం అలాగే ఉంటుంది, నేల మాత్రం నదిలో కలిసిపోయి ఉంటుంది. "గోదావరి లంకల్లో పట్టా ఉండి నేల లేని రైతులు ఉన్నారు. కాగితం నదిని ఒకసారి చూసి రాసుకుంది, నది మళ్లీ ఆ కాగితం వైపు చూడలేదు." ఇక్కడి నుంచి చట్టాలు, సంస్థలు, మనిషి తన గురించి తాను పెట్టుకున్న అభిప్రాయాలు, ఏ వైపుకైనా వెళ్లొచ్చు. కనిపించే వస్తువు ఒకటి దొరికితే తాత్విక అంశం కూడా భూమి మీదకి దిగుతుంది.

పద్యాలతో మొదలుపెట్టడం గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. వేమన పద్యమో సుమతి పద్యమో రాస్తే నాలుగు లైన్లు నిండుతాయన్న ధీమాతో రాయకండి. ఆ పద్యంతో వాదించగలిగితే, లేదా "ఇది నేటికి సరిపోదు" అని చూపించగలిగితే రాయండి. ఊరికే పెడితే అది ముగ్గు, పొద్దెక్కేసరికి చెరిగిపోతుంది. ఎవరన్నారో ఖాయంగా తెలియని సూక్తిని గాంధీగారికో అబ్దుల్ కలాంగారికో అంటగట్టడం ఇంకా ప్రమాదం. "రామయ్య అనే ఒక పేద రైతు..." అని అల్లిన కథలూ అంతే, కల్పన అని రెండో వాక్యానికే తెలిసిపోతుంది.

వాక్యం సంగతి కొంచెం నింపాదిగా చూడాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది. మొదటి వాక్యం ముప్పై మాటలు సాగితే చదివేవారు ఏం జరిగిందో తెలియకుండా చివరిదాకా ఊపిరి బిగబట్టాలి. మొదటి వాక్యం పన్నెండు మాటలకి మించనివ్వకండి. ఇంగ్లిషు నోట్సు చదివి తెలుగులో రాసేవాళ్ల ఆరంభాల్లో "చేయబడినది", "ప్రభావితం కాబడుచున్నది", "దేశము యొక్క ఆర్థిక వ్యవస్థ యొక్క" లాంటివి దూరిపోతాయి. "ప్రభుత్వంచే నిర్మించబడిన కాలువ" అని రాశాక ఒకసారి నోటితో అనండి. మీ ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? "ప్రభుత్వం తవ్వించిన కాలువ" చాలు. ఒత్తులు, శ ష స తేడాలు రాసేటప్పుడు పట్టించుకోవద్దు, చివరి ఏడు నిమిషాలు వాటికోసమే. మాటల సంఖ్య గురించి కూడా దిగులొద్దు. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి ఇంగ్లిషులో వెయ్యి మాటలు పట్టే విషయం మనకి అంతకన్నా తక్కువలో ఇమిడిపోతుంది.

ఇక భయం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్లు మూడోదాకా ఆగి పశువుల్ని ఒడ్డుకి తోలరు. మీరు మాత్రం మూడో హెచ్చరిక వచ్చేదాకా అదే వాక్యం మీద కూర్చుంటున్నారు. అందుకే కాగితం చిరుగుతోంది.

రాసిన వాక్యాన్నే మూడోసారి చదువుతున్నారంటే అది మొదటి హెచ్చరిక. వెంటనే ఒక లైను వదిలి తర్వాతి వాక్యానికి వెళ్లిపోవాలి, ఎందుకు నచ్చలేదో ఆలోచించకూడదు. కొట్టేయడం మొదలై, కళ్లు గడియారం వైపు పోతుంటే రెండోది. పెన్ను కింద పెట్టండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఏడు లెక్కపెడుతూ వదలండి, ఐదుసార్లు. వదలడం పీల్చడం కన్నా పొడుగ్గా ఉండాలి, గుండె వేగాన్ని దించేది అదే. మొత్తం నిమిషం పడుతుంది. తర్వాత చిత్తు పేజీలో "నేను చెప్పాలనుకున్నది ఏంటంటే" అని రాసి, చెల్లెలికి చెప్పినట్టు వాక్యం పూర్తిచేయండి. ముందు మూడు మాటలూ తీసేస్తే మిగిలింది చాలాసార్లు మీకు కావలసిన వాక్యమే. తల పూర్తిగా ఖాళీ అయిపోతే అది మూడోది. అప్పుడు ఆలోచించడానికి ప్రయత్నించకండి. ప్రణాళికలో అన్నిటికన్నా సులువైన ముక్క ఏదో చూసి, అది ఐదో పేరాదైనా సరే, వేరే పేజీ తిప్పి కేవలం వాస్తవాలు వరసగా రాయండి. చెయ్యి కదలడం మొదలైతే తల వెనకాలే వస్తుంది. పేజీల వరస తప్పితే "తరువాయి ఫలానా పేజీలో" అని ఒక మాట రాస్తే సరి. అందంగా ఉండదు గానీ తెల్ల కాగితం కన్నా నయం.

భయం బుర్రలో చోటు ఆక్రమిస్తుంది, వాక్యం కూర్చడానికి కావలసిన చోటు అదే. 2011లో రామిరెజ్, బైలాక్ అనే ఇద్దరు పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక పని చూపించారు. పరీక్షకి ముందు పది నిమిషాలు తమ భయాల్ని కాగితం మీద రాసేసిన విద్యార్థులు, ఊరికే కూర్చున్నవాళ్లకన్నా బాగా రాశారు, ముఖ్యంగా ఎక్కువ బెదిరేవాళ్లు. సాధన రోజుల్లో ఇది చేసి చూడండి. "ఫెయిలైతే ఏమంటారు", "ఇంట్లో ఎంత ఖర్చుపెట్టారు", ఏది తిరుగుతుంటే అది, దిద్దకుండా. రాసిన కాగితం దాచక్కర్లేదు.

చెమట గురించి: మన వైపు ఉక్కకి అరచేయి తడవడం సగం వాతావరణం, సగమే భయం. చెయ్యి కింద మడిచిన జేబురుమాలు పెట్టుకోండి. జెల్ పెన్ను తడికి అలుక్కుంటుంది, బాల్ పెన్ను నయం. పెన్ను గట్టిగా నొక్కి పట్టుకుంటే నలభై నిమిషాలకే బొటనవేలి కింద నొప్పి మొదలవుతుంది. కొంచెం లావు పెన్ను ఆ పట్టును సడలిస్తుంది.

సాధన ఇలా పెట్టుకోవచ్చు. వారంలో ఐదు రోజులు రోజుకో పాత అంశం, 25 నిమిషాలు: 15 ప్రణాళికకి, 10 ఆరంభానికి. మధ్య భాగం రాయక్కర్లేదు. ఆరో రోజు ఒక పూర్తి వ్యాసం, 90 నిమిషాలు గడియారం పెట్టి, పన్నెండు లైన్లు వదిలి. మూడు వారాల తర్వాతే రెండు వ్యాసాలు కలిపి మూడు గంటలు. మొదటి వ్యాసం 90వ నిమిషానికి ఎక్కడున్నా ఆపేయాల్సిందే, ముగింపు లేకపోయినా సరే. మీ రెండో వ్యాసం సగంలో ఆగడానికి కారణం రెండో వ్యాసంలో లేదు.

ఆరంభం నిలబడిందో లేదో చూడటానికి తేలిక పరీక్ష ఉంది. ఆ పేరా ఒక్కటే స్నేహితురాలికి చూపించి "ప్రశ్న ఏమై ఉంటుంది? నేను ఏ వైపు ఉన్నాను?" అని అడగండి. రెండూ దగ్గరదగ్గరగా చెప్పగలిగితే చాలు. "బాగుంది" అంటే మాత్రం ఏమీ తెలియలేదన్నమాట.

వాస్తవాల పుస్తకం ఒకటి ఉంచండి. నలభై చాలు, ఒక్కోటి రెండు లైన్లు, ఏడాదితో సహా: 1996 నవంబరు 6 తుపాను, 2002లో కొల్లేరు సరస్సుకి రామ్‌సర్ గుర్తింపు (చిత్తడి నేలలకి ఇచ్చేది), ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు, పంట విరామం మీద వేసిన మోహన్ కందా కమిటీ, ఇలాంటివి. ఒక్కో వాస్తవం పక్కన అది ఏ మూడు రకాల అంశాలకి పనికొస్తుందో రాసుకోండి. తుపాను విపత్తు నిర్వహణకే కాదు, కొబ్బరి కూలిపోయిన ఇంటి అప్పుకీ, హెచ్చరిక అందినా కదలని మనిషి మనస్తత్వానికీ పనికొస్తుంది. ఖాయంగా తెలియని అంకె ఆ పుస్తకంలోకి రాకూడదు.

ఇవన్నీ చేసినా రెండు వారాలకి పైగా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, పుస్తకం తెరిస్తేనే ఏడుపు వస్తుంటే అది ఆరంభం పేరా సమస్య కాదు. వైద్యుణ్ని కలవండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా, చాలామంది మరిచేది. మెయిన్స్ ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో పడుతుంది, గోదారి ఇంకా ఎర్రగా ఉండే రోజులు. మీది లంక ఊరో, కాజ్‌వే దాటాల్సిన ఊరో అయితే వరదకి నది దాటించే పంటు ఆపేస్తారు, దారి మునుగుతుంది. మీ కేంద్రం విజయవాడ అయితే కనీసం రెండు రోజుల ముందే రావులపాలెం దాటేయండి.